తాత పుట్టుక కాగితం, మనవడి ఇల్లు

"పౌరులు కానివాళ్లకి ప్రభుత్వం ఇల్లు ఎందుకివ్వాలి?" ఈ ప్రశ్న టీ కొట్టు దగ్గర వినిపిస్తుంది, పార్లమెంటులోనూ వినిపిస్తుంది. వినగానే న్యాయంగానే ఉందనిపిస్తుంది. పన్నులు కట్టేది మనం, కాబట్టి ఇల్లు మనవాళ్లకే అని లెక్క తేల్చేస్తాం. కానీ ఏ మాటైనా వినడానికి బాగుందని ఒప్పుకోవడం హేతువాదులకి తగిన పని కాదు. 'మనవాళ్లు' ఎవరు, ఆ జాబితా ఎవరు రాశారు, ఏ రోజున రాశారు అని కూడా అడగాలి.

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ రక్షణ శాఖ లెక్కల విభాగంలో బిల్లులు పరిశీలించాను. చదివింది బి.కాం. చరిత్రలో నాకు పట్టా లేదు. కానీ ఏ పద్దు ఎక్కడ మొదలైంది, దాన్ని ఏ పద్దులోకి మార్చారు, చివరికి ఎవరి ఖాతాలో పడింది అని వెతకడం ముప్పై ఏళ్ల అలవాటు. ఆ అలవాటుతోనే మన పక్కనే ఉన్న శ్రీలంక టీ తోటల చరిత్ర చదివాను. పౌరసత్వానికీ ప్రభుత్వం ఇచ్చే ఇంటికీ మధ్య సంబంధం ఎలా పనిచేస్తుందో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు మరొకటి కనపడలేదు.

లైన్ గది

పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో బ్రిటిష్ వాళ్లు సిలోన్ కొండల్లో కాఫీ తోటలు వేశారు. 1869లో కాఫీకి తెగులు తగిలింది, తర్వాత టీ వచ్చింది. పనికి మద్రాసు రాష్ట్రంలోని కరువు జిల్లాల నుంచి మనుషుల్ని పట్టుకెళ్లారు. అత్యధికులు తమిళులు. వాళ్లలోనే ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులూ ఉన్నారు. మన కోస్తా వాళ్లని బర్మాకి తీసుకెళ్లింది మేస్త్రీ అయితే, సిలోన్‌కి తీసుకెళ్లింది కంగాణి. పని ఒకటే. ముందు అప్పు ఇచ్చి, ఆ అప్పుతో మనిషిని కట్టేయడం. కార్మికుడి బాకీ ఎంతో రాసిన చిన్న కాగితాన్ని 'తుండు' అనేవారు. ఆ బాకీ ఎవరు తీరిస్తే మనిషి ఆ తోటకి వెళ్లేవాడు. ఈ పద్ధతిని 1921లో రద్దు చేశారు. కాగితం ముక్క మనిషి బతుకుని నిర్ణయించడం తోటల్లో అలా మొదలైంది. అది అక్కడితో ఆగలేదు.

ఉండటానికి ఇచ్చింది 'లైన్'. మన పోలీసు లైన్ల లాగా వరసగా గదులు, ఒకే కప్పు. చాలాచోట్ల వీపు వీపు ఆనించి రెండు వరసలు ఉండేవి. గది సాధారణంగా 10 అడుగులు, 12 అడుగులు. అంటే 120 చదరపు అడుగులు. అందులోనే వంట, పడక, కాన్పు, చావు. గది తోట యజమానిది. ఇంట్లో ఎవరో ఒకరు తోటలో పని చేస్తున్నంత కాలమే అందులో ఉండాలి.

నా సర్వీసులో ప్రభుత్వ క్వార్టర్స్ అద్దె కోత పద్దులు ఎన్నో చూశాను. రిటైరైతే ఇన్ని నెలల్లో ఖాళీ చేయాలని మాకూ రూలు ఉంది. కానీ ఖాళీ చేసే గుమాస్తా చేతిలో పెన్షన్ ఉంటుంది, గ్రాట్యుటీ ఉంటుంది, సర్వీసులో ఉండగా తీసుకోగలిగిన ఇంటి అడ్వాన్సు ఉంటుంది. ఆ గుమ్మం దాటితే అతనికి బయట ఒక ఊరు, ఒక పంచాయతీ, ఒక రేషన్ కార్డు ఉంటాయి. లైన్ గది దాటిన మనిషికి బయట ఏముంది? దీనికి జవాబు చట్టంలో ఉంది.

ప్రభుత్వం ఇళ్లు పంచింది, కానీ ఎవరికి?

సిలోన్ ప్రభుత్వం పేదలకి ఇళ్లూ భూములూ ఇవ్వలేదనుకుంటే పొరపాటు. మన కంటే ముందే ఇచ్చింది. 1935లో భూమి అభివృద్ధి ఆర్డినెన్సు వచ్చింది. ప్రభుత్వ భూమిని రైతులకి పంచి, వాళ్లు అమ్ముకోకుండా కాపాడటం దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ ఆ భూమి పొందాలంటే 'సిలోనీయుడు' అయి ఉండాలి. తోటల్లోని భారత కార్మికులు ఆ నిర్వచనం బయటే ఉండిపోయారు. 1949లో గల్ ఓయా ప్రాజెక్టు మొదలైంది. అక్కడికి వెళ్లిన కుటుంబాలకి సాగునీటి భూమి, కట్టిన ఇల్లు ఇచ్చారు. 1977 తర్వాత మహావేలి పథకాన్ని పరుగులు పెట్టించారు. 1978 నుంచి లక్ష ఇళ్లు, 1984 నుంచి పది లక్షల ఇళ్లు అని ప్రేమదాస పెద్ద పథకాలు నడిపారు. దక్షిణాసియాలో ఇంత పట్టుదలగా పేదల ఇళ్ల మీద పనిచేసిన ప్రభుత్వాలు తక్కువ.

మరి ఆ దేశానికి డాలర్లు తెచ్చిన టీ ఆకు కోసిన చేతులకి ఇల్లు ఎందుకు రాలేదు? పౌరులు కాదు కాబట్టి అని జవాబు. సరే. పౌరులు ఎందుకు కాలేదు? అసలు పద్దు ఇక్కడుంది.

1948: ఒక్క చట్టంతో

స్వాతంత్య్రానికి ముందు, 1947 ఎన్నికల్లో తోట కార్మికులు ఓటు వేశారు. సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ ఏడు సీట్లు గెలిచింది. మిగతా చాలా నియోజకవర్గాల్లో వాళ్ల ఓట్లు వామపక్షాలకి ఉపయోగపడ్డాయి. 1948 ఫిబ్రవరిలో స్వాతంత్య్రం వచ్చింది. అదే ఏడాది పౌరసత్వ చట్టం, 18వ నంబరు, వచ్చింది. దాని ప్రకారం సిలోన్‌లో పుడితే సరిపోదు. తండ్రి కూడా సిలోన్‌లో పుట్టి ఉండాలి. లేకపోతే తండ్రి తండ్రి, ఆయన తండ్రి ఇద్దరూ అక్కడే పుట్టి ఉండాలి. దానికి రుజువు చూపాలి.

లైన్ గదిలో మంత్రసాని చేతిలో పుట్టిన బిడ్డకి, అంతకు ముందు తరంలో పుట్టిన తండ్రికి, పుట్టుక కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? సింహళ పల్లెల్లోనూ చాలామందికి అలాంటి కాగితాలు లేవు. తేడా ఏమిటంటే వాళ్లని ఎవరూ అడగలేదు. నియమం అందరికీ ఒకటే, రుజువు చూపమన్నది మాత్రం ఒక్కరినే. ఆడిట్‌లో ఇలా చేస్తే దాన్ని పరిశీలన అనరు, కక్ష అంటారు.

తల్లి సంగతి గమనించారా? చట్టంలో ఆమె పుట్టుకకి విలువే లేదు. తండ్రి, తాత, ముత్తాత, అంతే. మన గోత్రం లెక్క ఇలాగే ఉంటుంది. పుట్టుకని బట్టి మనిషి హోదా నిర్ణయించడం వర్ణవ్యవస్థలో తప్పు అని మనం ఎన్నో వ్యాసాలు రాశాం. అదే పని ఆధునిక గెజిట్‌లో అచ్చయితే తలవంచి ఒప్పుకోవాలా? ఏ దేవుడూ చేయని నియమం ఇది. కొంతమంది మంత్రులు, కొంతమంది న్యాయవాదులు కూర్చుని రాసినది.

1949లో భారత, పాకిస్తానీ నివాసుల చట్టం అని ఇంకో దారి చూపించారు. పెళ్లయినవాళ్లు ఏడేళ్లు, కానివాళ్లు పదేళ్లు 1946 జనవరి 1కి ముందు ఎడతెగకుండా ఉన్నట్టు రుజువు చేయాలి. రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. ఎనిమిది లక్షల మందికి పైగా దరఖాస్తుల్లో చేరారు. ఏళ్ల తరబడి విచారణలు జరిగాక సుమారు లక్షా 34 వేల మందికి పౌరసత్వం దక్కింది. మధ్యలో ఒకసారి తంజావూరో తిరుచ్చో వెళ్లి చెల్లెలి పెళ్లి చూసి వచ్చినా 'ఎడతెగిపోయింది' అనేవారు. అదే ఏడాది ఎన్నికల చట్టం మార్చి పౌరులు కానివాళ్ల ఓటు తీసేశారు. 1952 ఎన్నికల్లో ఏడు సీట్లు సున్నా అయ్యాయి. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1953లో అక్కడా ఓడిపోయారు.

ఇప్పుడు ఇంటి పద్దుకి రండి. ఓటు లేని మనిషి ఇంటి గురించి ఏ ఎమ్మెల్యే అడుగుతాడు? ఏ మంత్రి బడ్జెట్‌లో పెడతాడు? పౌరసత్వం లేకపోవడం వల్ల ఇల్లు రాకపోవడం ఒక నష్టం. ఇల్లు రాలేదని గట్టిగా అడిగే నోరు పోవడం ఇంకా పెద్ద నష్టం.

ఏడుకి నాలుగు

1964 అక్టోబరు 30న సిరిమావో, లాల్ బహదూర్ శాస్త్రి ఒప్పందం చేసుకున్నారు. మొత్తం 9 లక్షల 75 వేల మంది. అందులో 5 లక్షల 25 వేల మందిని భారత్ తీసుకుంటుంది, 3 లక్షల మందికి సిలోన్ పౌరసత్వం ఇస్తుంది. మిగిలిన లక్షా 50 వేల సంగతి తర్వాత చూద్దాం అన్నారు. 1974లో ఇందిర, సిరిమావో వాళ్లని చెరి 75 వేలుగా పంచుకున్నారు. అమలులో నిష్పత్తి 7:4. భారత్ ఏడుగుర్ని తీసుకుంటే సిలోన్ నలుగుర్ని పౌరులుగా రాసుకుంటుంది. లెక్కల మనిషిగా చెప్తున్నాను, సరుకుల సర్దుబాటు ఖాతాలో ఇలాంటి నిష్పత్తులు చూశాను గానీ మనుషుల ఖాతాలో చూడలేదు. తోటలో ఎవరినీ అడిగి ఈ అంకెలు వేయలేదు.

ఈ మధ్యలో భూసంస్కరణలు వచ్చాయి. 1972లో మొదలై 1975లో బ్రిటిష్ కంపెనీల తోటలు ప్రభుత్వపరం అయ్యాయి. తోట జాతీయం అయింది కానీ అందులో పనిచేసే మనిషి మాత్రం జాతీయుడు కాలేదు. కొన్ని తోటల భూమిని చుట్టుపక్కల గ్రామస్తులకి పంచారు. అందులో ఉన్న కార్మికులు చాలాచోట్ల రోడ్డున పడ్డారు. కొందరు ఉత్తరాన వవునియా వైపు వెళ్లిపోయారు. 1977లో డెవన్ తోటలో భూమి పంపిణీకి వ్యతిరేకంగా జరిగిన నిరసన మీద పోలీసు కాల్పులు జరిగి ఒక కార్మికుడు చనిపోయాడు. భూసంస్కరణ అనే మాట వినగానే మనం చప్పట్లు కొడతాం. కొట్టే ముందు భూమి ఎవరి పేరు మీదికి వెళ్లింది, ఎవరి కింద నుంచి వెళ్లింది అని చూడటం మంచిది.

1984లో తలైమన్నార్ నుంచి రామేశ్వరం పడవ ఆగిపోయింది. భారత పాస్‌పోర్టు చేతిలో ఉన్నా వెళ్లలేనివాళ్లు తోటల్లోనే మిగిలారు. వాళ్ల పిల్లలూ అక్కడే పుట్టారు.

పౌరసత్వం వచ్చింది, ఇల్లు రాలేదు

1988లో ఒక చట్టం, 2003లో 35వ నంబరు చట్టం వచ్చాయి. 1964 అక్టోబరు 30 నుంచి శ్రీలంకలో ఉంటున్న భారత సంతతి వాళ్లకి, వాళ్ల పిల్లలకి పౌరసత్వం ఇస్తామన్నారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ సాయంతో ప్రచారం చేశారు. పది రోజుల్లో లక్షా తొంభై వేల మంది పౌరులయ్యారు. యాభై ఐదేళ్లు సాధ్యం కాని పని పది రోజుల్లో అయిపోయింది! అంటే ఆ యాభై ఐదేళ్లూ కష్టం కాగితాల్లో లేదు, మనసుల్లో ఉంది.

మన మొదటి ప్రశ్న వేసినవాళ్లు ఇక్కడ సంతోషించాలి. అందరూ పౌరులే, ఇక ఇళ్లు వస్తాయి కదా? రాలేదు. ఎందుకో చూస్తే అసలు పాఠం అక్కడుంది.

ఇల్లు ఇవ్వాలంటే ముందు స్థలం కావాలి. లైన్ గది ఉన్న స్థలం ప్రభుత్వానిది. 1992 తర్వాత తోటల నిర్వహణ ప్రాంతీయ కంపెనీలకి ఇచ్చి, భూమిని దీర్ఘకాలపు లీజు కింద పెట్టారు. కార్మికుడికి ఆ నేల మీద ఏ హక్కూ లేదు. ఇంటి రుణం అంటే బ్యాంకు పట్టా అడుగుతుంది. గ్రామంలో ఉన్నవాడి దగ్గర ఏదో ఒక కాగితం ఉంటుంది, లైన్ గదిలో ఉన్నవాడి దగ్గర తోట మస్తరు రోలులో పేరు తప్ప ఏమీ ఉండదు. చిరునామా కూడా తోటదే. ఉత్తరం వస్తే తోట ఆఫీసుకి వస్తుంది.

స్థానిక సంస్థ సంగతి మరీ విచిత్రం. 1987 నాటి ప్రాదేశిక సభల చట్టంలో 33వ సెక్షన్ ఉంది. ఈ సభలు మన మండల పరిషత్తుల లాంటివి. వాటి నిధులు తోటల లోపల ఖర్చు పెట్టడానికి ఆ సెక్షన్ అడ్డం వచ్చేది. తోట కార్మికుడు సభకి ఓటు వేయచ్చు, సభ్యుడిగా గెలవచ్చు కూడా. గెలిచి తన లైన్ ముందు రోడ్డు వేయించలేడు. ఆ సెక్షన్‌ని 2018లో సవరించారు. అంటే 2003 పౌరసత్వం తర్వాత ఇంకో పదిహేనేళ్లకి.

దీన్ని నా భాషలో చెప్తాను. ఒక పద్దుని బడ్జెట్ నుంచి తీసేస్తే, దాన్ని తీసేయడానికి చెప్పిన కారణం పోయినా ఆ పద్దు తనంతట తాను తిరిగి రాదు. దాని చుట్టూ రూల్సు, ఫారాలు, అధికారుల అలవాట్లు పెరిగిపోతాయి. మంత్రిత్వ శాఖని అడిగితే అది కంపెనీ బాధ్యత అంటుంది. కంపెనీని అడిగితే మేం లీజుదారులం, అది ప్రభుత్వ బాధ్యత అంటుంది. పౌరసత్వం లేదన్నది మొదట కారణం. తర్వాత కారణం పోయింది, ఫలితం నిలిచిపోయింది.

2014 అక్టోబరు 29న బదుల్లా జిల్లా కొస్లాందా దగ్గర మీరియబెద్ద తోటలో కొండ విరిగిపడింది. లైన్ ఇళ్లు మనుషులతో సహా మట్టిలో కూరుకుపోయాయి. అది ప్రమాదకరమైన చోటని నిపుణులు అంతకు ముందే హెచ్చరించారు. అలాంటివి జరిగినప్పుడు విధి, కర్మ అనేవాళ్లు మనకి కొత్త కాదు. వాన కొండ మీద పడుతుంది, అది ప్రకృతి. కొండ కింద ఎవరుండాలో మాత్రం లీజు పత్రాలు, పౌరసత్వ చట్టాలు నిర్ణయించాయి. హెచ్చరిక వచ్చినప్పుడు లేచి వెళ్లడానికి ఇంకో చోటు ఉన్నవాడు బతుకుతాడు.

ఆ తర్వాత కొంత కదిలింది. భారత ప్రభుత్వం శ్రీలంకకి ఇచ్చిన యాభై వేల ఇళ్లలో నాలుగు వేలు తోటలకి కేటాయించారు. 2017 మేలో నోర్‌వుడ్‌లో ప్రధాని మోదీ ఇంకో పది వేలు ప్రకటించారు. 550 చదరపు అడుగుల ఇల్లు, ఏడు పెర్చ్‌ల స్థలం. మన లెక్కలో సుమారు 212 చదరపు గజాలు, అంటే నాలుగు సెంట్ల పైన. పది వేల ఇళ్ల పనులు మొదలవడానికి 2024 వచ్చింది. 2023లో తోట కార్మికులు తమ వాళ్లు కొండ ఎక్కి రెండు వందల ఏళ్లు అయిందని గుర్తు చేసుకున్నారు. రెండు వందల ఏళ్లకి నాలుగు సెంట్లు.

ఇవతలి ఒడ్డు

మన వైపు చేతులు శుభ్రంగా ఉన్నాయా? ఒప్పందం కింద వచ్చినవాళ్లు నాలుగు లక్షలకు పైగా. వాళ్లు భారత పౌరులుగా నమోదై వచ్చారు కాబట్టి పునరావాస రుణాలకి, ఇళ్లకి అర్హులు. నీలగిరిలో ప్రభుత్వ టీ తోటలు, కర్ణాటకలో సుళ్యా, పుత్తూరు వైపు రబ్బరు తోటలు వాళ్ల కోసం పెట్టారు. బర్మా, సిలోన్ నుంచి వచ్చినవాళ్ల కోసం 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు పెట్టారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేటకి ఆ పేరు ఎలా వచ్చిందో అక్కడి పెద్దవాళ్లకి తెలుసు. పౌరసత్వం ఉంటే తలుపు తెరుచుకుంటుందనడానికి ఇది రుజువే. అయినా కొడైకెనాల్ అడవుల్లో వెట్టిచాకిరీకి చిక్కిన సిలోన్ కుటుంబాలూ ఉన్నాయి. కాగితం ఉన్నవాడికే ఇలా అయింది.

1983 తర్వాత యుద్ధం వల్ల వచ్చినవాళ్ల సంగతి వేరు. తోట తమిళులు కూడా వాళ్లలో ఉన్నారు. తాత తిరుచ్చిలో పుట్టినా, తాము తమిళనాడు క్యాంపులో పుట్టినా వాళ్లలో చాలామంది భారత పౌరులు కారు. సిలోన్‌లో ఉంటే భారతీయుడు, భారత్‌లో ఉంటే సిలోన్‌వాడు! 2019లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి వీళ్ల పౌరసత్వ దరఖాస్తులు పరిశీలించమని చెప్పింది. అదే ఏడాది వచ్చిన పౌరసత్వ సవరణ చట్టంలో మూడు దేశాల పేర్లున్నాయి, శ్రీలంక లేదు. మతం చూసి తలుపు తీసే చట్టం కూడా ఈ హిందువులకి తీయలేదు.

కానీ ఇక్కడే మన మొదటి ప్రశ్నకి జవాబు కూడా ఉంది. 2021లో తమిళనాడు ప్రభుత్వం ఈ క్యాంపుల్లో 7,469 ఇళ్లు తిరిగి కట్టిస్తామని ప్రకటించింది. సుమారు 231 కోట్ల రూపాయలు. పౌరులు కాదని తెలిసే కట్టింది. దానివల్ల రాజ్యాంగం కూలిపోలేదు, తమిళుల ఇళ్లు ఎవరూ లాక్కోలేదు. అంటే పౌరసత్వం లేనివాడికి ఇల్లు ఇవ్వకూడదన్నది ప్రకృతి నియమం కాదు. కావాలనుకుంటే ఇవ్వచ్చు, వద్దనుకుంటే పౌరులకి కూడా ఇవ్వకుండా ఉండచ్చు. ఈ రెండూ ముప్పై కిలోమీటర్ల సముద్రానికి అటూ ఇటూ జరిగాయి.

నా ముగింపు

ప్రభుత్వ డబ్బుకి హద్దు ఉండాలి, అర్హత ఉండాలి. ఒక గుమాస్తాగా దీన్ని కాదనలేను. కానీ అర్హత అంటే మనిషి చేతిలో ఉన్నది అయి ఉండాలి. ఎన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నాడు, ఏం పని చేస్తున్నాడు, తల మీద కప్పు ఉందా లేదా, ఇవి పరిశీలించి చూడగల విషయాలు. తాత ఎక్కడ పుట్టాడన్నది అతని చేతిలో లేదు, రుజువు కూడా చాలాసార్లు దొరకదు. పైగా ఆ రుజువుని తయారు చేయాల్సింది ప్రభుత్వమే. తను ఇవ్వని కాగితాన్ని తనే అడిగి, లేదు కాబట్టి ఇల్లు లేదు అనడాన్ని తర్కంలో చక్రదోషం అంటారు.

రెండో మాట. ఒక మనిషిని పౌరుడిగా రాసుకున్న రోజే అతను నిలబడిన నేల కూడా అతని పేరున రాయకపోతే, ఆ పౌరసత్వం సగం పద్దే. జమ రాసి ఖర్చు రాయనట్టు. శ్రీలంక తోటల్లో ఆ సగం పద్దు రాసి ఇరవై ఏళ్లు దాటింది.

ఇక మీదట "పౌరులు కానివాళ్లకి ఇల్లెందుకు?" అని ఎవరైనా అడిగితే కోప్పడకండి. "వాళ్లని పౌరులు కాకుండా చేసింది ఎవరు, ఏ సంవత్సరంలో, ఏ సెక్షన్ కింద?" అని నెమ్మదిగా తిరిగి అడగండి. జవాబులో సంవత్సరం, సెక్షన్ లేకపోతే అది వాదన కాదు, నమ్మకం. నమ్మకాలతో ఏం చేయాలో మనకి తెలుసు.